పదిహేడో నంబరు ఇంటికి

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలియగానే మా కాలేజీలో అందరిదీ ఒకటే ప్రశ్న. చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా, కనీసం ట్యాంక్‌బండ్ మీదైనా నడిచారా అని. ఏదీ చూడలేదు. ఐదు రోజులూ అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, ఈ మూడింటి మధ్యే తిరిగాను. ఆ మాట చెబితే, "ఆ మాత్రం దానికి విశాఖ నుంచి అంత దూరం పోవాలా" అని ఒకాయన నవ్వాడు. పోవాలి. ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను లెక్కల మనిషిని. ఒక ఫార్మసీ కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను. మింగిన మందు ఒంట్లో ఎటు పోతుంది, ఎంతసేపు ఉంటుంది అన్నది లెక్క కట్టడం నా అసలు పని. మన ఒంటిని మేడమీది నీళ్ల ట్యాంకు అనుకోండి. మాత్ర వేసుకున్నప్పుడల్లా పైనుంచి కొన్ని నీళ్లు పడతాయి. అడుగున ఉన్న చిల్లులోంచి అవి కారిపోతూ ఉంటాయి. ఎవరి ట్యాంకు ఎంత, ఎవరి చిల్లు ఎంత అన్నది మనిషి మనిషికీ వేరు. మధ్యమధ్యలో రక్తం తీసి అందులో మందు ఎంత ఉందో కొలిస్తే కాగితం మీద కొన్ని చుక్కలు వస్తాయి. ఆ చుక్కల మీదుగా సాగే గీతను పట్టుకోగలిగితే, ఆ మనిషికి ఎంత మందు సరిపోతుందో చెప్పొచ్చు. ఇరవై ఏళ్లుగా ఈ గీతల వెంటే పడుతున్నాను. ఈ ఇరవై ఏళ్లలో ఒక్క చుక్క తాలూకు మనిషినీ చూడలేదు. నా దాకా వచ్చేవి నంబర్లే.

ఈసారి నంబర్లు నారాయణగూడలోని ఒక చిన్న నరాల క్లినిక్ నుంచి వచ్చాయి. మూర్ఛకు వాడే పాత మందు, పొద్దున ఎనిమిదికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఒకటి. ఒక్కొక్కరికీ కొన్ని వారాల తేడాతో మూడుసార్లు రక్తం తీశారు. ప్రతిసారీ రెండు చుక్కలు. శనివారం మధ్యాహ్నం క్లినిక్‌లో ఒకటి, మర్నాడు ఆదివారం పొద్దున మాత్ర వేసుకోకముందు ఇంటి దగ్గర ఒకటి. పొద్దుటి మాత్ర లోపలికి పోయి ఉంటుంది కనుక శనివారం చుక్క కాస్త పైన ఉండాలి. రాత్రంతా కారిపోయి ఉంటుంది కనుక ఆదివారం చుక్క కాస్త కింద ఉండాలి. అందరికీ అలాగే ఉంది. పదిహేడో నంబరావిడకు మాత్రం తలకిందులు. శనివారం మధ్యాహ్నానికి ట్యాంకు దాదాపు అడుగంటింది, ఆదివారం పొద్దునకి నిండుగా ఉంది. మూడుసార్లూ అదే వరస.

నాకు కోపం తొందర. నాలుగు రోజులు ఆ ఆరు చుక్కలతో కుస్తీ పట్టాను. గీతను ఎటు లాగినా అవి అందవు. ఐదో రోజు విసుగొచ్చి, రిపోర్టులో పదిహేడో నంబరు ఎదురుగా ఉన్న గడిలో "మందు సరిగా వాడటం లేదు. పరీక్ష అన్నాక భయపడి ఆ రాత్రి అదనంగా వేసుకుంటున్నట్టుంది" అని రాసి పారేశాను. ఆ రోజు హాయిగా నిద్ర కూడా పోయాను.

రెండు నెలల తర్వాత ఆ క్లినిక్ నర్సు శైలజ వేరే పని మీద ఫోన్ చేసింది. మాటల మధ్య చెప్పింది.

"ఆ పదిహేడో నంబరామెకు ఇంకో మందు గూడ మొదలు పెడ్తమంటున్నరు మేడమ్, వచ్చే సోమవారం. జర గట్టి మందు, ఎప్పుడు చూసినా నిద్ర మత్తు ఉంటది. ఇంట్ల గూడ పరేషానే. డాక్టర్ సార్ మీ రిపోర్టు జూసి కోప్పడ్డడు గద. అప్పటి సంది వాళ్ల ఇంటాయన తనే మాత్ర ఇచ్చి, నోరు తెరిపిచ్చి జూస్తున్నడు. ఫోన్ లైటు పెట్టి."

"నోరు తెరిపించా?"

"అవు. అయినా మొన్న మళ్ల రక్తం తీస్తే గట్లనే వచ్చింది, ఉల్టా. మింగినట్టు జేసి ఉమ్మేస్తుందని ఆయనకు అనుమానం."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. నేను విసుగులో రాసిన రెండు వాక్యాలు ఎక్కడో చిక్కడపల్లిలో ఒక ఆడమనిషి నోట్లోకి లైటు వేసి చూస్తున్నాయి. రిపోర్టు తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆ ఇంటికి వెళ్లి చూడకుండా అలా రాసే హక్కు లేదని మాత్రం తెలిసింది. శైలజ ద్వారా వాళ్లను అడిగించి, రమ్మన్నారని తెలిశాక టికెట్ కొన్నాను.

అశోక్‌నగర్: యాభై మూడేళ్ల అభ్యర్థిని

శుక్రవారం సాయంత్రం దిగాను. చవకగా ఉంటుందని అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో మంచం తీసుకున్నాను. ఆ పేట నిండా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే. గోడ కనిపిస్తే కోచింగ్ పోస్టరు, మెట్లు కనిపిస్తే పైన స్టడీ హాలు. టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటూ కూడా ఒక చేతిలో కరెంట్ అఫైర్స్ పట్టుకుంటారు. మా ఊళ్లో బీచ్ రోడ్డు మీద సాయంత్రాలు ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే వయసు వాళ్లు ఇక్కడ బరువైన సంచులు మోస్తూ తల వంచుకుని నడుస్తున్నారు.

హాస్టల్ యజమానురాలు నా ఆధార్ కార్డు చూసింది, నన్ను చూసింది. "ఏ ఎగ్జామ్‌కు ప్రిపేర్ అయితున్నరు మేడమ్?" అని మర్యాదగానే అడిగింది. ఒళ్లు మండింది గానీ, నా ముఖంలో ఇంకా ఆ ఆశ కనిపించినందుకు లోపల్లోపల ముచ్చటేసింది కూడా. ఒక చిన్న పరీక్ష ఉందని చెప్పాను. అబద్ధం కాదు.

గదిలో ఇంకో మంచం స్వప్నది. సూర్యాపేట పిల్ల, మూడేళ్లుగా చదువుతోంది. నా ల్యాప్‌టాప్‌లో పదిహేడో నంబరు చుక్కల్ని చూసి, అవేంటని అడిగింది. ఉండాల్సిన చోట లేని చుక్కలని చెప్పాను.

"నా మాక్ టెస్టు మార్కులు గూడ గిట్లనే ఉంటయి మేడమ్. చదివిన దినం కిందికి, చదవని దినం మీదికి" అంది.

"దానికి కారణమేంటంటావు?"

"చదివిన దినం నిద్రపోను గద" అని దుప్పటి కప్పుకుంది. ఆ జవాబు గురించి నేను అప్పుడు పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఒక రోజు ముందే తేలిపోయేదేమో. తప్పు చుక్కలది కాదు, ఆ రోజుది అని ఆ పిల్ల చెప్పకనే చెప్పింది.

చిక్కడపల్లి: మిరపకాయ వాసన వెంట

శనివారం పదకొండు గంటలకు గిర్నీ దగ్గర కలుద్దామంది శైలజ. గిర్నీ అంటే మనం పిండి మర అంటామే, అదే. పదిహేడో నంబరు వాళ్లది పిండి గిర్నీ అని అప్పుడే తెలిసింది. ఆటో అతను ఎనభై రూపాయలు అడిగాడు. నడిస్తే పావుగంట దూరానికి ఎనభయ్యా అని వాదించాను. "అయితే నడువున్రి మేడమ్, ఆరోగ్యానికి మంచిది" అని వెళ్లిపోయాడు. రోషానికి నడిచాను. మెట్రో పట్టాల కింద రోడ్డు దాటుతుంటే చెప్పు తెగింది.

ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టే పెద్దాయన ఇరవై రూపాయలకు కుట్టిచ్చాడు. రెండో చెప్పు కూడా తెగబోతోందని చూపించి, దానికీ నాలుగు కుట్లు ఊరికే వేశాడు. గిర్నీకి దారి అడిగాను.

"వాసన పట్టుకొని పోన్రి. ఇయ్యాల మిర్చి పడుతున్నరు" అన్నాడు.

నిజంగానే రెండో సందు మలుపులో తుమ్ములు మొదలయ్యాయి. ఎనిమిది తుమ్ములకు గిర్నీ చేరాను. రోడ్డుకు ముందు గది గిర్నీ, దాని వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప. యంత్రం దగ్గర మల్లేశం గారు, అరవై దాకా ఉంటాయి, కనుబొమ్మల మీద పిండి. గడప అవతల పీట మీద ఆయన భార్య సుగుణ గారు, ఆవిడే పదిహేడో నంబరు. ఆకుపచ్చ చీర, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, పిడికిలి మీద గడ్డం ఆనించుకుని యంత్రం వైపు చూస్తూ కూర్చుంది.

ఆవిడను గడప ఇవతలకు రానివ్వడం లేదని బయట కలిసినప్పుడే శైలజ చెప్పింది. ఆర్నెల్లలో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. రెండోసారి యంత్రం బెల్టుకు జానెడు దూరంలో పడిపోయింది. అప్పట్నుంచి మల్లేశం గారు గడపనే గీత చేశారు. ఆయన భయాన్ని తప్పు పట్టలేం. కానీ పిండి మెత్తదనం వేళ్లతో చూసి చెప్పగలిగేది ఆ ఇంట్లో ఆవిడొక్కతే అట. వచ్చినవాళ్లు చిటికెడు పిండి పట్టుకుని గడప దాకా వెళ్తున్నారు. "సుగుణక్కా, జర జూడు, రొట్టెకు సరిపోతదా?" అని చేయి చాపుతున్నారు. ఆవిడ రెండు వేళ్ల మధ్య నలిపి చెబుతోంది.

శైలజ నన్ను లెక్కలు చేసే మేడమ్ అని పరిచయం చేసింది. సుగుణ గారు నా వైపు తిరిగింది.

"మీరేనా రాసింది? నేను మందు ఏస్కుంటలేనని?"

"నేనేనండి."

"మంచిగున్నది. పెండ్లయి ముప్పై రెండేండ్లు. ఇప్పుడు దినాం రెండు పూటల నోరు తెర్వాలె. నాలుక లేపాలె. ఎడ్లను కొనేటోళ్లు పండ్లు జూసినట్టు జూస్తడు. నేను అబద్ధం ఆడుతనని ఈ మనిషికి ఎన్నడు అనిపియ్యలే. మీ కాగితం వచ్చినంకనే అనిపిచ్చింది."

మల్లేశం గారు యంత్రం చప్పుడులో వినపడనట్టు నిలబడ్డారు. నేను చెప్పు కుట్ల వైపు చూసుకున్నాను. నన్ను చూడ్డానికి ఇష్టపడని మనిషి నా పట్ల మర్యాద తప్పలేదు. లోపలికి వెళ్లి చాయ్, ఒక పళ్లెంలో సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి కాలుస్తారు. అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది. మా తపేలా రొట్టెకు చుట్టం లాంటిది, కారంలో మాత్రం దానికంటే రెండాకులు ఎక్కువే చదివింది.

"మీరూ తీసుకోండి" అన్నాను.

"ఇయ్యాల శనివారం గద. నాకు ఒక్కపొద్దు."

మా వైపూ శనివారాలు చేస్తారు. మా అమ్మ చేసేది. మధ్యాహ్నం శుభ్రంగా అన్నం తిని, రాత్రి అన్నం మానేసి అట్టో ఉప్మానో తినేది. ఉపవాసం పేరుతో రెండు పూటలూ గడిచిపోయేవి. అదే ధోరణిలో, "మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి చేస్తారు?" అని అడిగాను, ఏదో మాట కలపడానికి.

"మధ్యాహ్నమా? ఒక్కపొద్దంటే ఒక్కటే పొద్దు. మాపటికి దీపం పెట్టినంక తింట. అప్పటిదాంక మంచినీళ్లే."

సర్వపిండి ముక్క నా నోట్లో అలాగే ఆగిపోయింది.

"మరి పొద్దుటి మాత్ర?"

ఆవిడ నన్ను చదువు రాని మనిషిని చూసినట్టు చూసింది. "తిన్నంక ఏస్కోమని రాసిన్రు గద. తిననే తినకపోతె ఎట్ల ఏస్కుంట?"

"అయితే శనివారం పొద్దుటిది మానేస్తారా?"

"మానేస్తనా? దినానికి రెండు ఏస్కోమన్నడు డాక్టర్ సాబ్. మాపు తిన్నంక రెండూ ఒక్కసారి ఏస్కుంట. ఇగ మిగతా దినాలల్ల టైముకే. ఒక్క గోలి తప్పలే ఇన్నేండ్లల్ల."

మల్లేశం గారు యంత్రం ఆపేశారు. "నిజమే మేడమ్. ఇప్పుడైతె నా చేత్తోనే ఇస్తున్న, రెండూ" అన్నారు, కాస్త గర్వంగానే.

నేను శైలజ ముఖం చూశాను. శైలజ నా ముఖం చూసింది. పొద్దున మాత్ర లేదు కనుక మధ్యాహ్నానికి ట్యాంకు అడుగంటింది. రాత్రి రెండు మాత్రలు పడ్డాయి కనుక ఆదివారం పొద్దునకి నిండింది. చుక్కలు తలకిందులవక ఏమవుతాయి. వారంలో ఆరు రోజులు ఆవిడ గడియారం చూసుకుని మందు వేసుకుంది. మేం రక్తం తీసింది మాత్రం ఆ ఏడో రోజునే. ఎవరమూ ఒక్కసారి కూడా, అమ్మా, శనివారం అన్నం తింటావా అని అడగలేదు.

"ఆ రెండుసార్లు మూర్ఛ ఏ రోజు వచ్చింది?" అని అడిగాను.

"రెండూ శనివారమే. దీపం ముట్టిచ్చే యాళ్లకు. ఉపాసం పడ్తలేదని మా ఆడబిడ్డ అన్నది. నేనే ఇనలే. ఆదివారం పొద్దుగాల తల తిరుగుతది, గది గూడ ఉపాసంతోనే అనుకున్న."

అప్పటికప్పుడు అంతా చెప్పేసి ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. కానీ ఒకసారి తొందరపడి రాసిన దాన్ని. ఈసారి లెక్క చూడకుండా నోరు విప్పదల్చుకోలేదు. శైలజ మాత్రం పక్కకు వెళ్లి డాక్టరుకు ఫోన్ చేసి, ఆ పూట మాత్రలు ఎలా వేసుకోవాలో అడిగి వాళ్లకు చెప్పింది. "అయ్యుండొచ్చు. సోమవారం లెక్కతో సహా రమ్మనండి" అన్నాడట ఆయన.

వెళ్లొస్తానని లేచాను. సుగుణ గారు లేవలేదు. మిగిలిన సర్వపిండి మాత్రం కాగితంలో చుట్టి ఇచ్చింది.

స్టడీ హాల్లో నా వల్ల జరిగిన అల్లరి

ఆదివారం పొద్దున హాస్టల్లో కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీకి నా అంత ఓపిక. స్వప్న నన్ను తన స్టడీ హాలుకు తీసుకెళ్లింది. రెండో అంతస్తులో పొడుగాటి గది, వరసగా చెక్క అరలు, ఒక్కో అరలో ఒక్కో తల. రోజుకు యాభై రూపాయలు, ఇన్వర్టర్ ఉంది. ఊపిరి పీల్చినా పక్కవాళ్లు తిరిగి చూసేంత నిశ్శబ్దం.

చేయాల్సిన మార్పు చాలా చిన్నది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో రాసే వరసల్లో, ప్రతి శనివారం పొద్దున ఎనిమిది గంటల మాత్రను తీసేశాను. ఆ రాత్రి ఒకటి ఉన్న చోట రెండు పెట్టాను. మల్లేశం గారు నోరు చూడటం మొదలెట్టాక తీసిన రెండు చుక్కల్ని కూడా కలిపాను. మొత్తం ఎనిమిది. లెక్క నడపమని మీట నొక్కి, వేళ్లు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. అది తేలడానికి అరగంట పట్టింది. నా పెళ్లిచూపుల్లో కూడా అంత కంగారు పడలేదు.

గీత వచ్చింది. శనివారం మధ్యాహ్నం కిందికి దిగింది, రాత్రి పైకి లేచింది, ఆదివారం పొద్దునకి చుక్క మీదకి వచ్చి వాలింది. ఒకటి, రెండు, మూడు, ఎనిమిదికి ఎనిమిదీ. ఆవిడ ట్యాంకు మామూలు ట్యాంకే, చిల్లు మామూలు చిల్లే. ఇప్పుడు వాడుతున్న మోతాదు వేళకు వేసుకుంటే చక్కగా సరిపోతుంది. రెండో మందు అవసరం ఎక్కడా కనిపించలేదు.

ఏడ్చానో నవ్వానో తెలియదు గానీ, గట్టిగానే చేశాను. ముప్పై తలలు అరల్లోంచి పైకి లేచాయి. హాలు నడిపే అతను పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, గిట్ల జేస్తె ఎట్ల, ఎగ్జామ్ దగ్గర ఉన్నది. జర బైటికి నడువున్రి" అన్నాడు.

నడిచాను. యాభై రూపాయలూ పోయాయి. మెట్ల మీద స్వప్న వెంట వచ్చి, "రిజల్ట్ వచ్చిందా మేడమ్? సెలెక్ట్ అయిన్రా?" అని అడిగింది.

"నేను కాదమ్మా. పదిహేడో నంబరు" అన్నాను. ఆ పిల్లకు ఏం అర్థమైందో గానీ, కింద బండి దగ్గర నాకు చాయ్ తాగించింది. నిన్నటి సర్వపిండి ఇద్దరం పంచుకుని తిన్నాం. ఎన్నో రోజులకు నాకు తిండి రుచి తెలిసింది.

నారాయణగూడ: ఒక రబ్బరు ముద్ర

సోమవారం క్లినిక్‌కు గంట ముందే చేరాను. ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాను. చాయ్ కప్పు మా వైపు కప్పులో సగం ఉంటుంది, చిక్కదనం మాత్రం రెట్టింపు. బిస్కెట్టు తీపో ఉప్పో తేల్చుకునేలోపు అయిపోతుంది. తేల్చుకోవడానికి ఇంకో రెండు తిన్నాను.

డాక్టరు గారు మితభాషి. కాగితం తీసుకుని పాత గీతను, కొత్త గీతను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీదున్న రబ్బరు ముద్ర తీసి నా వైపు తిప్పారు. "భోజనం తర్వాత" అని ఉంది.

"కడుపులో మంట రాకూడదని ప్రతి చీటీ మీదా కొడతానండి. ఎన్నేళ్లుగా కొడుతున్నానో నాకే గుర్తులేదు" అన్నారు. "ఆవిడ నా మాట తప్పిందని కోప్పడ్డాను. నా మాట అక్షరాలా పాటించినందుకే ఇదంతా జరిగింది."

రెండో మందు చీటీని ఆయనే చించేశారు. కొత్త చీటీ మీద ముద్ర కొట్టకుండా చేత్తో రాశారు, పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది, ఒక్కపొద్దు నాడు పొద్దుటి మాత్ర పాలతోనో అరటిపండుతోనో అని. గురువారాలు, సోమవారాలు చేసేవాళ్లు ఇంకెవరున్నారో అందరికీ ఫోన్ చేసి కనుక్కోమని శైలజకు చెప్పారు. నేను అక్కడే కూర్చుని రిపోర్టులో ఆ గడి తెరిచాను. పాత వాక్యాలు చెరిపేసి, "మందు సరిగానే వాడుతున్నారు. మేమే సరిగా అడగలేదు" అని రాశాను.

మధ్యాహ్నం శైలజా నేనూ గిర్నీకి వెళ్లాం. ఆ రోజు జొన్నలు పడుతున్నారు, తుమ్ములు లేవు. కాగితం గడప మీద పరిచి, ట్యాంకు సంగతంతా చెప్పాను. పాలు తాగితే ఒక్కపొద్దు చెడుతుందా అని భయంభయంగా అడిగాను.

"మందు కోసం అరటిపండు తింటె దేవుడేమంటడు? ఏమనడు" అని తేల్చేసింది సుగుణ గారు. తర్వాత కాగితం మీదికి వంగింది. "ఇండ్ల నాది ఏది?"

"ఈ నీలం గీత."

వేలిని ఆ గీత వెంట మొదట్నుంచి చివరిదాకా మెల్లగా జరిపింది. పిండి వేలు కావడంతో కాగితం మీద తెల్లటి చార పడింది.

"తప్పు నాదేనండి. మిమ్మల్ని చూడకుండా రాశాను. క్షమించండి" అన్నాను. అనుకోకుండా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీరెందుకు ఏడుస్తరక్కా. ఏడుస్తె నేను ఏడ్వాలె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇగ మీ కాగితాలల్ల ఉన్నది ఉన్నట్టు రాస్తరు గద. యాడనన్న నా ముచ్చట రాస్తె నంబరు రాయకున్రి. పేరు రాయున్రి."

అందుకే ఇక్కడ సుగుణ అని రాశాను. రెండు మాత్రలూ ఒకేసారి చేతిలో పెట్టింది తనే అని మల్లేశం గారికి మాకంటే ముందే అర్థమై ఉంటుంది. యంత్రం మీద చేయి వేసుకుని నేల చూస్తూ నిలబడ్డారు. భార్య వైపు చూడలేకపోయారు, ఆవిడ కూడా ఆయన వైపు చూడలేదు. అది సర్దుకుంటుందో లేదో తెలియకుండానే నేను హాస్టల్‌కు తిరిగొచ్చాను.

మళ్లీ చిక్కడపల్లి, మంగళవారం ఎనిమిది గంటలు

రైలు మధ్యాహ్నం. పొద్దున్నే లేచి చెప్పులు వేసుకున్నాను. పెద్దాయన కుట్లు గట్టిగా ఉన్నాయి. ఆటో అతను డెబ్బై అన్నాడు, ఈసారి వాదించలేదు.

గిర్నీ అప్పుడే తీశారు. సుగుణ గారు గడప అవతల పీట మీద కూర్చుని ఉప్మా తింటోంది. నన్ను చూసి నాకూ ఒక పళ్లెం పెట్టించింది. బెల్టు దగ్గరికి వెళ్లడానికి ఇంకో మూడు నెలలు ఆగాలన్నారు డాక్టరు, గిర్నీలోకి వెళ్లడానికి అడ్డేమీ లేదన్నారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదని ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఉప్మా అయింది. మల్లేశం గారు గూట్లోంచి మాత్రల డబ్బా తీసి, మూత విప్పి ఒక మాత్ర ఇవ్వబోయి ఆగారు. మూత మళ్లీ పెట్టేసి డబ్బా మొత్తాన్ని ఆవిడ ఒడిలో ఉంచి, యంత్రం వైపు వెళ్లిపోయారు.

ఆవిడ ఒక మాత్ర తీసుకుని నీళ్లతో మింగింది. అలవాటు ప్రకారం తల పైకెత్తి, నోరు తెరిచి, నాలుక లేపింది. అలాగే కూర్చుంది. ఆయన అటు తిరిగి బెల్టు బిగిస్తున్నారు.

కాసేపటికి నోరు మూసుకుని, "ఏందయ్యా, జూడవా?" అంది.

ఆయన ఇటు తిరగలేదు. "ఏం జూసుడు" అన్నారు. "జొన్నలొచ్చినయి. వచ్చి కాంటా పెట్టు."

సుగుణ గారు డబ్బా కొంగున ముడేసుకుని లేచింది. గడప దాటింది.